పిల్లలకు ఇండోనేషియా భాష: మేం చెట్ల దగ్గర మొదలుపెట్టాం, మీరెలా నేర్పుతున్నారు?

జకార్తా_జానకి (దక్షిణ జకార్తా)

అందరికీ నమస్తే. మేం ఇక్కడికి వచ్చి రెండేళ్ళు దాటింది. పాప మూడో తరగతి, బాబుకి ఐదేళ్ళు. స్కూల్లో వారానికి మూడు పీరియడ్లు బహసా ఉంటుంది. రాత్రి ఇరవై మాటలు బట్టీ పట్టడం, పొద్దున అప్పజెప్పడం, సాయంత్రానికి మర్చిపోవడం. పోయినేడాదంతా ఇదే వరస. టెస్టు అంటే చాలు పాపకి టెన్షన్‌తో కడుపునొప్పి వచ్చేది.

నెల కిందట ఒక సంగతి జరిగింది. మా వీధిలోకి పొద్దున్నే "సయూర్... సయూర్" అని కేకేసుకుంటూ కూరగాయల బండి వస్తుంది. ఆ రోజు ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. నాకు తెలిసిన మాట నాసి ఒక్కటే కాబట్టి "రెండు కిలోల నాసి ఉందా" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "నాసి కాదు బు (అమ్మా), బెరాస్" అన్నాడు. పక్కనున్న పాప వెంటనే అందుకుంది: "అమ్మా, నువ్వు ఆయన్ని అన్నం అడిగావు, బియ్యం అడగాలి!"

ఆ రోజు సాయంత్రం కూర్చుని రాసుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది. చేలో ఉన్నప్పుడు పాది, అంటే వరి. కోసి నూర్చాక గబాహ్, అంటే వడ్లు. మర ఆడించాక బెరాస్, బియ్యం. ఉడికాక నాసి, అన్నం. ఇంగ్లీషులో ఈ నాలుగింటికీ మామూలుగా రైస్ అన్న ఒకటే మాట. మనకీ వీళ్ళకీ నాలుగు నాలుగే. తెనాలిలో ఉన్న మా అత్తగారికి వీడియో కాల్‌లో చెబితే ఆవిడ వదిలిపెట్టలేదు. "మరి ఊకనేమంటారే? తవుడు? నూకలు?" అని మనవరాల్ని అడుగుతూనే ఉన్నారు. ఊక సెకం, తవుడు దెదక్, నూకలు మెనిర్, ఎండుగడ్డి జెరామి, గిన్నె అడుగు మాడు కెరక్. మాగాణిని సావాహ్ అంటారు, మెట్టని లాడంగ్ అంటారు. పాప పరుగెత్తుకెళ్ళి పనావిణ్ణి అడిగి రావడం, నాయనమ్మకి చెప్పడం. గంటలో పన్నెండు మాటలు వచ్చాయి, ఒక్కటీ మర్చిపోలేదు.

ఇలా చెట్టూ చేమా పట్టుకుని పిల్లలకి నేర్పినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? వచ్చే నెల బోగోర్ తోటకి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఏం నేర్పి తీసుకెళ్తే బాగుంటుంది?

సూరి_సురబయ (సురబయ)

జానకి గారూ, ముందు చెవికి నేర్పండి. పువ్వుని మనం "బుంగా" అని రాసేసుకుంటాం కానీ అందులో గ వినిపించదు. ముక్కులోంచి వచ్చే ఙ ఒక్కటే: బుఙ. పసుపు కుఞిత్. మా వాడు తెలుగు అక్షరమాల దిద్దేటప్పుడు ఈ ఙ, ఞ దగ్గర ఆగి "నాన్నా, ఇవి ఏ మాటలో వస్తాయి" అని అడిగేవాడు, నేను చెప్పలేకపోయేవాణ్ణి. ఇక్కడికొచ్చాక వంటింట్లో పసుపు డబ్బా మీద వాడే స్వయంగా తెలుగులో "కుఞిత్" అని రాసి అంటించాడు. ఆ చీటీ ఇప్పటికీ ఉంది.

ఇంకోటి. ఇంగ్లీషు సీ అక్షరం ఇక్కడ ఎప్పుడూ చ. మిరపకాయ చబె, సంపెంగ చెంపాక. పిల్లలు ఇంగ్లీషు అలవాటుతో క అని చదివేస్తారు. ఎ కూడా రెండు రకాలు. ఆపిల్ పండునీ, స్కూల్లో పొద్దున వరసగా నిలబెట్టే హాజరునీ ఒకేలా అపెల్ అని రాస్తారు. పండులో ఆ ఎ మింగేసినట్టు పలకాలి, హాజరులో తేటగా పలకాలి.

యోగ్య_పంతులమ్మ (యోగ్యకర్త)

జానకి గారూ, మీ అత్తగారికి నా నమస్కారాలు. అలా అడిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే నాలాంటి టీచర్ల పని సగం అయిపోయినట్టే.

నేను విదేశీ పిల్లలకి ఈ భాష చెబుతుంటాను. నా మొదటి పాఠం ఎప్పుడూ పండ్ల బుట్టే. పిల్లల్ని కళ్ళు మూసుకోమని ఒక పండు చేతిలో పెడతాను. "వెంట్రుకలున్నాయి!" అంటారు. వెంట్రుక అంటే రంబుత్, చివర అన్ చేరిస్తే రంబుతాన్. ముల్లు అంటే దూరి, దాని పండు దూరియాన్. ఆ చివరి అన్ ఒక్కటి చేతికి అందితే తలుపులు వరసగా తెరుచుకుంటాయి. మకాన్ తినడం, మకానన్ తిండి. మినుం తాగడం, మినుమన్ తాగేది. తానం నాటడం, తానామన్ నాటిన మొక్క. మొక్క నాటుతూ "మెనానం" అనిపించండి, నాటేశాక "సుదాహ్ దితానం" అనిపించండి. చేతులకి మట్టి అంటుకుని ఉండగా వచ్చిన మాట పరీక్ష కోసం నేర్చిన మాటలా జారిపోదు.

తర్వాత లెక్కపెట్టడం. మనం మనుషులకి ఒకరు, మిగతావాటికి ఒకటి అంటాం. ఇక్కడ ఒక్కో ఆకారానికి ఒక్కో లెక్కమాట ఉంది, అందులో చాలావాటికి మూలం చెట్టే. బాతంగ్ అంటే కాండం. చెట్టునీ, పెన్సిల్‌నీ, అలా పొడుగ్గా కర్రలా ఉండేవాటినీ బాతంగ్‌తో లెక్కపెడతారు. పువ్వుకి కాడ, తంగ్‌కై. గుండ్రటి చిన్నవాటికి బుతిర్: గుడ్డు, బియ్యపుగింజ, కొబ్బరికాయ కూడా. ఇల్లూ, పుస్తకం, కారూ మాత్రం బువాహ్, అంటే పండు! ఒక పండు ఇల్లు, ఒక పండు కారు అన్నట్టన్నమాట. మొదటిసారి విన్నప్పుడు పిల్లలు పడీపడీ నవ్వుతారు, నవ్వాక మర్చిపోరు.

ఇంటికెళ్ళి ఇంట్లో ఉన్న "ఆకులు" వెతకమని పని ఇస్తాను. దౌన్ పింతు అంటే తలుపు ఆకు, అంటే తలుపు రెక్క. దౌన్ తెలింగా అంటే చెవి ఆకు. మనం చెవిదొప్ప అంటాం కదా, దొప్ప కూడా ఆకుతో కుట్టేదే! పిల్లల్ని ముద్దుగా బువాహ్ హాతి అంటారు, గుండె పండు అని. మన కడుపుపంట లాంటిది.

బోగోర్ వెళ్ళే ముందు రెండే మాటలు బాగా నేర్పండి. సుదాహ్ అంటే అయింది, బెలుం అంటే ఇంకా లేదు. ఈ భాషలో క్రియకి కాలం ఉండదు కాబట్టి ఈ రెండూ చాలా బరువు మోస్తాయి. పువ్వు పూసిందా అంటే "లేదు" అనడానికి తిడాక్ అన్న మాట ఉన్నా, పూయబోయే మొక్క విషయంలో ఎవరూ అలా అనరు. బెలుం అంటారు. పెళ్ళయిందా అని అడిగినా, పిల్లలున్నారా అని అడిగినా అంతే. దారి మూసేయకుండా జవాబు చెప్పడం ఇక్కడి మర్యాద.

వసుధ_వంటిల్లు (తంగెరాంగ్)

చాలా మంచి చర్చ. నాది చిన్న ప్రశ్న: కరివేపాకుని (మా కరీంనగర్ దిక్కు కల్యమాకు అంటాం) ఏమని అడగాలి? దౌన్ సలాం అని ఇస్తున్నారు, వాసనే వేరు.

మేడాన్_మూర్తి (మేడాన్)

వసుధమ్మా, దౌన్ సలాం వేరే చెట్టు, మన నేరేడుకి దగ్గరి చుట్టం. బిర్యానీ ఆకు అనుకుని కొనేవాళ్ళూ ఉన్నారు, అదీ కాదు. మీకు కావలసింది దౌన్ కారి. కొన్నిచోట్ల సలాం కోజా అంటారు. ఆచే వాళ్ళు తెమురుయ్ అంటారు. వాళ్ళ ఆయం తంగ్‌కాప్‌లో కోడి ముక్కల మీద ఈ ఆకు రెమ్మలు రెమ్మలుగా వేయించి పోస్తారు. మా పిల్లలు మొదటిసారి తిన్నప్పుడు "ఇది అమ్మమ్మ తాలింపు వాసన" అన్నారు.

జానకి గారూ, బోగోర్‌లో పిల్లలకి ఒక కథ తప్పకుండా చెప్పండి. ఆ తోటని 1817 మే 18న రైన్‌వర్ట్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. ఇప్పుడు 87 హెక్టార్లు. 1848లో అక్కడ నాలుగు ఆయిల్‌పామ్ మొక్కలు నాటారు. ఆఫ్రికా చెట్టు అది, అలంకారానికన్నట్టు పెట్టారు. వాటి విత్తనాలే మా మేడాన్ పక్కనున్న డెలికి వచ్చాయి, ఆగ్నేయాసియా పామాయిల్ తోటల వంశం అక్కణ్ణుంచే పెరిగింది. నేను పనిచేసేది కెలాపా సావిత్ తోటలోనే, సొంతూరు పశ్చిమ గోదావరిలో మా అన్నయ్యదీ పామాయిల్ తోటే. ఆ నాలుగు మొక్కల సంగతి చెప్పినప్పుడు మా అబ్బాయి, "మరి అంతకుముందు ఇక్కడ ఏ చెట్లుండేవి నాన్నా" అని అడిగాడు. ఆ వారం అడవి మాటలు నేర్పాను: హుతాన్ అడవి, మెరాంతి, ఉలిన్ లాంటి పెద్ద మానుల పేర్లు, ఒరంగుతాన్ అంటే అడవి మనిషి అని. తోటలో పనిచేసే తండ్రిగా అది కూడా చెప్పాలనిపించింది.

తాటాకు (జకార్తా)

మన పిల్లలకి ఇంతకన్నా తేలిక దారి ఉంది. ఈ భాష నిండా మన మాటలే కదా! మెలాతి మాలతి, చెంపాక సంపెంగ, దెలిమా దాడిమం అంటే దానిమ్మ, చెందానా చందనం, మెరిచా మిరియం. తాళపత్రాన్ని లొంతార్ అంటారు. జావా మాటలో రొన్ అంటే ఆకు, తాల్ అంటే తాడి. రొన్‌తాల్ కాస్తా తిరగబడి లొంతార్ అయింది. మజాపహిత్ రాజ్యం పేరు కూడా చెట్టుదే. మజా అంటే మారేడు జాతి కాయ, పహిత్ అంటే చేదు. 1293లో తారిక్ అడవి కొట్టి ఊరు కడుతున్నప్పుడు ఎవరో ఆ కాయ కొరికి చేదన్నారని కథ. దానికే విల్వతిక్త అన్న పేరుంది. బిల్వం, తిక్తం! పిల్లలకి "ఇదంతా మనదే" అని చెబితే భయం పోతుంది.

యోగ్య_పంతులమ్మ (యోగ్యకర్త)

తాటాకు గారూ, మీరిచ్చిన మాటలన్నీ నిజమే, నేనూ తరగతిలో వాడతాను. కానీ "ఇదంతా మనదే" అన్న ఒక్క మాట దగ్గర నేను మీతో ఏకీభవించలేను. అలా అనుకున్న పిల్ల ఇంక అడగడం మానేస్తుంది. అన్నీ తెలిసినవే అయితే అడిగేదేముంది?

బుట్టలో ఇంకో సగం కూడా చూపించండి. క్యారెట్ వోర్తెల్, క్యాబేజీ కోల్, బీన్స్ బుంచిస్: ఇవి డచ్చివాళ్ళ నుంచి వచ్చాయి. మొలకలు తావుగె చైనా హొక్కియన్ మాట. ననాస్ పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది, అదే ఓడల వాళ్ళ నుంచి మనకి అనాస వచ్చింది. పాది, పిసంగ్, కెలాపా మాత్రం ఎవరి దగ్గరా తెచ్చుకున్నవి కావు, ఈ మట్టి మాటలే.

జాజికాయ తీసుకోండి. దాన్ని ఇక్కడ పాలా అంటారు, మన ఫలమే. కానీ ఆ చెట్టు పుట్టిల్లు బాండా దీవులు, మలుకులో. 1667లో బ్రెడా ఒప్పందంలో డచ్చివాళ్ళు ఆ దీవుల్లో ఒకటైన రున్ ఉంచుకుని, న్యూయార్క్ ఇప్పుడున్న మన్‌హట్టన్‌ని ఇంగ్లీషువాళ్ళకి వదిలేశారు. కాయ ఇక్కణ్ణుంచి మనకి వెళ్ళింది, పేరు మన దగ్గర్నుంచి ఇక్కడికొచ్చింది. పోపుల డబ్బాలోంచి ఒక జాజికాయ తీసి ఈ రెండు ప్రయాణాలూ చెబితే పిల్లలు మ్యాప్ అడిగి మరీ చూస్తారు.

తాటాకు (జకార్తా)

ఒప్పుకుంటున్నాను పంతులమ్మ గారూ. జాజికాయ సంగతి ఇవాళే మా అమ్మాయికి చెప్పాను. ఇంతకీ జకార్తాలో ఉండేవాళ్ళకి ఇంకోటి: మన ఊరి పేటల పేర్లే ఒక తోట. మెంతెంగ్ ఒక పుల్లటి పండు, కెమాంగ్ ఒక రకం మామిడి, కెబొన్ సిరిహ్ తమలపాకు తోట, కెబొన్ జెరుక్ నారింజ తోట, చెంపాక పుతిహ్ తెల్ల సంపెంగ. గంబిర్ స్టేషన్ పేరు కూడా తాంబూలంలో మనం కాచు వేసుకున్నట్టు ఇక్కడ వేసుకునే మొక్కదే. కారులో వెళ్తూ బోర్డులు చదివించండి.

బాలి_భారతి (దెన్‌పసార్)

చెట్టు ఒకటే అయినా ఊరు మారితే అర్థం మారుతుందని పిల్లలకి చెప్పండి. మేం జావాలో ఉన్నప్పుడు మా అమ్మాయి టీచర్ల దినోత్సవానికి దేవగన్నేరు పూలు గుత్తిగా కట్టి తీసుకెళ్ళింది. టీచరు తీసుకున్నారు, నవ్వారు, తర్వాత నాకు నెమ్మదిగా చెప్పారు: ఆ పువ్వు కంబోజా, జావాలో శ్మశానాల్లో నాటే చెట్టు అని. పాప ఏడ్చేసింది. ఇక్కడ బాలికి వచ్చాక అదే పువ్వు ప్రతి గుడి ముందూ ఉంది. పొద్దున్నే గుమ్మాల్లో పెట్టే చనంగ్ సారి అనే పూల నైవేద్యంలో ఉంది, ఆడవాళ్ళ చెవి వెనక ఉంది. ఇప్పుడు పాపే కొత్తగా వచ్చిన పిల్లలకి ఈ తేడా చెబుతుంది.

తుంపెక్ వరిగా రోజు చూడాలి మీరు. 210 రోజులకోసారి వస్తుంది, గాలుంగన్ పండక్కి సరిగ్గా 25 రోజుల ముందు. ఆ రోజు చెట్లకి పూజ. మా ఇంటి యజమాని గారి తల్లి, డెబ్బై దాటినావిడ, పెరట్లో పనసచెట్టు దగ్గరికి చిన్న ఆకులో బియ్యపు జావ తీసుకెళ్ళి పెట్టింది. అరచేత్తో మాను తడుతూ, చెట్టుని తాతా అని పిలిచి మాట్లాడింది: "తాతా, ఇంకా ఇరవై అయిదు రోజుల్లో గాలుంగన్, విరగకాయి" అని. చివర్లో మూడుసార్లు "ఙెద్, ఙెద్, ఙెద్" అంది. ఙెద్ అంటే బాలి భాషలో విరగకాయడం. మా బాబు కూడా వెళ్ళి మాను మీద చెయ్యి వేసి అదే అన్నాడు. సూరి గారు చెప్పిన ఙ మాట మొదట్లోనే వచ్చింది చూశారా!

పాప_నాన్న (బెకాసి)

స్కూల్లోనే ఉన్నాయి కదండీ చెట్లు. గోడ మీద గరుడ పంచశిల (ఈ దేశ చిహ్నం) బొమ్మ చూపించండి. మర్రిచెట్టు దేశ ఐక్యతకి, వరికంకీ పత్తీ కలిపి సామాజిక న్యాయానికి. స్కౌట్ యూనిఫాం మీద ఉండేది కొబ్బరి మొలక, తునాస్ కెలాపా. మా అమ్మాయి ఆ బ్యాడ్జీ మీది బొమ్మని తాబేలు పిల్ల అనుకుంది చాన్నాళ్ళు. మొలకెత్తిన కొబ్బరికాయ తెచ్చి పక్కన పెడితే అర్థమైంది. దాంతోనే వేర్లు, పీచు, చిప్ప, నీళ్ళు అన్నీ చెప్పేశాను.

వసుధ_వంటిల్లు (తంగెరాంగ్)

మూర్తి అన్నా, దౌన్ కారి దొరికింది, చాలా థ్యాంక్స్.

మునగ సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ కెలోర్ అంటారు. మా గేటు దగ్గర చెట్టుంది. ఒకరోజు మునగాకు పప్పు చేసి ఇరుగుపొరుగుకి ఇచ్చాను. పక్కింటి జావా పెద్దావిడ గిన్నె తీసుకుంది కానీ మొహంలో ఏదో తడబాటు. వాళ్ళ ఊళ్ళో చనిపోయినవాళ్ళకి స్నానం చేయించేటప్పుడు కెలోర్ ఆకు వాడతారట. ఎదురింటామెది సులవేసి దీవిలోని పాలు అనే ఊరు. ఆమె మాత్రం గిన్నె మూత తీయగానే "ఉతా కెలో!" అని నన్ను కావలించుకున్నంత పని చేసింది. వాళ్ళింట్లో కొబ్బరిపాలు పోసి రోజూ వండుకునే కూర అది. మా పిల్లలు రెండిళ్ళకీ నాతోపాటు వచ్చారు కాబట్టి రెండూ చూశారు. తర్వాత ఆ జావా ఆవిడే వాళ్ళకి ఒక సామెత నేర్పింది: లోకం మునగాకంత చిన్నది కాదు, అని. ఒకటి పోయినా ఇంకోటి దొరుకుతుంది, బెంగపడకు అని చెప్పేటప్పుడు అంటారట.

సూరి_సురబయ (సురబయ)

సామెతలంటే నాకిష్టమైనది ఒకటి: కొండ మీద చింతపండు, సముద్రంలో ఉప్పు, కలిసేది కుండలో. ఎక్కడివాళ్ళకి ఎక్కడ పెళ్ళి రాసిపెట్టి ఉందో అన్నప్పుడు అంటారు. మనం అడవిలో ఉసిరికాయ, సముద్రంలో ఉప్పు అంటాం. కాయ ఒక్కటే మారింది.

జకార్తా_జానకి (దక్షిణ జకార్తా)

అందరికీ ఒక్కసారే జవాబిస్తున్నాను, నిన్న బోగోర్ వెళ్ళొచ్చాం!

పసార్ మింగ్గు స్టేషన్లో రైలెక్కి పొద్దున ఎనిమిదిన్నరకల్లా దిగాం. మధ్యాహ్నానికి వాన ఖాయం, దాన్ని వానల ఊరు అనడం ఊరికే కాదు. కెనారి చెట్ల బాట దగ్గర పిల్లలు చాలాసేపు ఆగిపోయారు. ఆ వేళ్ళు గోడల్లా లేచి ఉంటాయి, మధ్యలో బాబు నిలబడితే తల మాత్రమే కనిపించింది. పాప పలకల మీద పేర్లు చదువుతూ బాతంగ్, అకార్ (వేరు), దౌన్ అని చూపిస్తూ పోయింది. నాలుగు ఆయిల్‌పామ్ మొక్కల కథ నేను మొదలుపెట్టేలోపే పాప తమ్ముడికి చెప్పేసింది. మూర్తి గారూ, మీ అబ్బాయి అడిగిన ప్రశ్న కూడా చెప్పాను.

మేం కూర్చున్నచోట గడ్డిలో అత్తిపత్తి ఉంది. బాబు ఎప్పుడూ చూడలేదు. వేలు తగలగానే ఆకు రెండు వరసలూ దగ్గరకి మూసుకుని, కాడ కింద వరకూ వాలిపోయింది. చెయ్యి వెనక్కి లాగేసుకుని నా వైపు చూశాడు, తనేదో తప్పు చేసినట్టు. పక్కన చాప వేసుకున్న ఒక ముసలమ్మ నవ్వి, "పుత్రి మాలు" అంది. సిగ్గుపడే రాకుమారి అని అర్థం. ఆవిడే ఆకు ముందు చెయ్యి అడ్డం పెట్టి, "తుంగ్గు, తుంగ్గు" అంటూ వాణ్ణి ఆపింది, ఆగు ఆగు అని. పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు మా వాడు! ఆకు మళ్ళీ మెల్లగా విచ్చుకుంది. తర్వాత ఆవిడ పేరడిగితే వాడు నా చీర చాటుకి పోయాడు. "మాలు, యా?" అందావిడ. వాడు కొంగులోంచే తలూపాడు. ఆ మాట నేను నేర్పి ఉంటే అంత బాగా అర్థమయ్యేది కాదు.

పాప గేటు దగ్గర కాపలా ఆయన్ని బుంగా బంగ్‌కై (పెద్ద శవపుష్పం) పూసిందా అని తనే అడిగింది, నేను నోరు తెరవలేదు. "సుదాహ్ మెకార్, పక్?" ఆయన "బెలుం" అన్నాడు. బయటికొచ్చాక రోడ్డు మీద గెంతులు: "అమ్మా, తిడాక్ అనలేదు! బెలుం అన్నాడు! మళ్ళీ రావచ్చు!"

తిరుగు రైల్లో రంబుతాన్‌లు తిని ఒక గింజ జేబులో దాచుకుంది. రాత్రే కుండీలో పెట్టింది. ఇవాళ పొద్దున లేచీలేవగానే బాల్కనీలోకి పరుగెత్తి చూసి, లోపలికి కేకేసింది: "బెలుం!"

మేడాన్_మూర్తి (మేడాన్)

జానకి గారూ, గింజ తాజాది కాబట్టి మొలుస్తుంది, ఆరిపోతే ఇక మొలవదు. మట్టి తడిగా ఉంచండి, కానీ నీళ్ళు నిలవకూడదు, ఎర్రటెండ వద్దు. రెండు మూడు వారాలు పడుతుంది. పాపని అన్నాళ్ళూ తవ్వి చూడనివ్వకండి. సుదాహ్ అన్న రోజున ఫోటో పెట్టండి.